ఈస్ట్‌లో జన్యువు పలకనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

హైదరాబాద్‌లో ఈస్ట్‌తో పనిచేసే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు జన్యువు పలకలేదనగానే, అంటే అది తెరుచుకుని పనిచేయలేదనగానే, ముందుగా ప్లాస్మిడ్‌ను (జన్యువును కణంలోకి చేర్చే చిన్న డీఎన్ఏ వలయాన్ని) అనుమానిస్తారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువగా మనం కణానికి కల్పించిన పరిస్థితిలోనే ఉంటుంది. ఇరానీ హోటల్ బన్నును పొంగించే ఈ కణం చక్కెరను, ఉప్పును, వేడిని ఎప్పటికప్పుడు కనిపెట్టి, ఆ కబురును బట్టే ఏ జన్యువును తెరవాలో నిర్ణయించుకుంటుంది.

సమస్య: గెలాక్టోజ్ అనే చక్కెర వేసి రెండు గంటలైనా గాల్1 ప్రమోటర్ (జన్యువును తెరిచే డీఎన్ఏ భాగం) కింద ఉన్న రిపోర్టర్ (జన్యువు పలికిందని వెలిగి చూపే ప్రోటీన్) వెలగలేదు.

కారణం చాలాసార్లు మిగిలిపోయిన గ్లూకోజే. అది ఉన్నంతసేపూ స్నఫ్1 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) పనిచేయదు. మిగ్1 అనే ప్రోటీన్ కేంద్రకంలో ఉండి గాల్ జన్యువులను అణచిపెడుతుంది. గ్లూకోజ్ తరిగాక స్నఫ్1 మేల్కొని మిగ్1కు ఫాస్ఫేట్ తగిలిస్తే, అది కేంద్రకం వదిలి బయటికి వస్తుంది. మరోవైపు, గెలాక్టోజ్‌ను గుర్తించిన గాల్3 ప్రోటీన్ వెళ్లి గాల్80 ప్రోటీన్‌ను పట్టుకుంటేనే, గాల్80 అదుపులో ఉన్న గాల్4 ప్రోటీన్ గాల్ జన్యువులను నడిపించగలుగుతుంది. అంటే తలుపుకు రెండు గడియలున్నాయి. గెలాక్టోజ్ తీసేది ఒక్కటే.

అందువల్ల కల్చర్‌ను రాత్రంతా రాఫినోజ్ అనే మరో చక్కెరలో (2 శాతం) పెంచండి. అది గాల్ జన్యువులను అణచదు, ప్రేరేపించదు కూడా. ఆ తర్వాతే 2 శాతం గెలాక్టోజ్ కలపండి. గెలాక్టోజ్ సీసాలో గ్లూకోజ్ కల్తీ ఎంత ఉందో లేబుల్‌పై చూసుకోండి. అప్పటికీ పలకకపోతే స్ట్రెయిన్‌ను (ఈస్ట్ వంశాన్ని) పరిశీలించండి: ఎస్288సి అనే స్ట్రెయిన్‌లో గెలాక్టోజ్‌ను లోపలికి చేర్చే గాల్2 జన్యువు దెబ్బతిని ఉంటుంది. ప్లాస్మిడ్ వంతు ఆ తర్వాతే.

సమస్య: 0.4 మోలార్ ఉప్పు వేసి గంట తర్వాత చూస్తే, ఉప్పు ఒత్తిడికి స్పందించే హాగ్1 కైనేజ్‌పై అది చైతన్యవంతమైందని చెప్పే ఫాస్ఫేట్ జాడే లేదు.

సంకేత మార్గం పనిచేసింది, మనం ఆలస్యంగా చూశాం. హాగ్1 కొద్ది నిమిషాల్లోనే చైతన్యవంతమై కేంద్రకంలోకి వెళ్తుంది. కణం గ్లిసరాల్‌ను కూడబెట్టి లోపలి పీడనాన్ని సరిచేసుకోగానే ఆ సంకేతం తగ్గిపోతుంది. 0, 2, 5, 10, 30 నిమిషాలకు నమూనాలు తీసి, ఒక్కొక్కదాన్ని వెంటనే చల్లని ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంలో వేయండి.

సమస్య: ఏమీ చేయని కంట్రోల్‌లోనే ఒత్తిడి జన్యువులు (కణం కష్టంలో పడితే తెరుచుకునేవి) తెరుచుకున్నాయి.

మే నెలలో మన నగరంలో ఇది మరీ ఎక్కువ. బయట 40 డిగ్రీలు దాటిన రోజున, ఏసీ లేని గదిలో బల్లమీద ఉంచిన ఫ్లాస్కూ వేడెక్కుతుంది. కరెంటు పోయి, ఫ్లాస్కును ఊపే షేకర్ ఆగితే గాలి కూడా అందదు. వేడి తగిలినా, గ్లూకోజ్ అందక పీకేఏ కైనేజ్ చురుకు తగ్గినా, ఎంఎస్ఎన్2, ఎంఎస్ఎన్4 అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి చేరి ఒత్తిడి జన్యువులను తెరుస్తాయి. చక్కెర లేని నీటితో కణాలను కడగడమే ఇందుకు చాలు. ఈ సంగతి గ్రహించక నేను ఎన్నో కంట్రోళ్లను పాడుచేసుకున్నాను. మీడియంను ముందే 30 డిగ్రీలకు తెచ్చుకోండి, సెంట్రిఫ్యూజ్‌కు బదులు ఫిల్టర్‌తో త్వరగా కణాలను సేకరించండి, షేకర్ ఆగిన కల్చర్‌ను నిస్సంకోచంగా పారబోయండి.

సమస్య: ఆల్ఫా ఫ్యాక్టర్ (ఈస్ట్ కణాలు జతకట్టడానికి వాడే ఫెరోమోన్) వేసినా, దానికి స్పందించే ఫస్1 జన్యువు కాసేపు పలికి ఆగిపోయింది.

ఆ ఫెరోమోన్‌ను కణాలే బార్1 అనే ఎంజైమును బయటికి వదిలి విరగ్గొడుతున్నాయి. బార్1 తొలగించిన స్ట్రెయిన్‌ను వాడండి. అది దొరకకపోతే ఫెరోమోన్ మోతాదు బాగా పెంచవలసి ఉంటుంది. అసలు మొదటినుంచీ పలకకపోతే, మీ కణాలు ‘ఎ’ రకమో (ఈస్ట్‌లో జతకట్టే రెండు రకాల్లో ఒకటి) కాదో చూడండి, ఎందుకంటే ఆల్ఫా ఫ్యాక్టర్‌ను అందుకునే స్టె2 గ్రాహకం ఆ రకంలోనే ఉంటుంది.