వేసవిలో రొయ్యల చెరువు అమ్మోనియా లెక్క: జాగ్రత్తలు

గత వారం భీమవరం వైపు ఒక చెరువులో డెబ్బై రోజుల వనామి రొయ్య వరుసగా రెండు మధ్యాహ్నాలు గట్టు వెంట తేలి చనిపోయింది. ఆ రైతు రోజూ ఉదయం ఆరింటికి నీటిని పరీక్షించి రాసిన పుస్తకాన్ని నేను చూశాను. అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు), పీహెచ్ 7.5. మధ్యాహ్నపు గడులన్నీ ఖాళీ. నేను మూడింటికి కొలిస్తే పీహెచ్ 9 ఉంది.

చెరువులను ముంచుతున్న తప్పు ఇదే: ఉదయపు పీహెచ్‌తో రోజంతటి లెక్క వేయడం. నీటి పరీక్ష కిట్ చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో అమ్మోనియం అయాన్‌కు విషం తక్కువ. మొప్పల గుండా సులభంగా లోపలికి చొరబడేది అయాన్‌గా మారని అమ్మోనియా, అసలు విషం అదే. ఈ రెండూ అటునిటు మారుతూ సమతాస్థితిలో ఉంటాయి. ఎండలో ప్లాంక్టన్ (నీటిలోని సూక్ష్మ మొక్కలు) కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో హైడ్రోజన్ అయాన్లు తగ్గి, అంటే పీహెచ్ పెరిగి, ఆ సమతాస్థితి విషం వైపు జరుగుతుంది.

నీరు 30 డిగ్రీలున్నప్పుడు అమ్మోనియం పీకేఏ, అంటే విషం, అయాన్ సమానంగా ఉండే పీహెచ్, సుమారు 9.1. పీహెచ్‌లోంచి దీన్ని తీసివేసి, వచ్చిన సంఖ్యను 10 మీద ఘాతంగా వేస్తే విషానికీ అయాన్‌కూ ఉన్న నిష్పత్తి వస్తుంది. పీహెచ్ 9 వద్ద అది 0.79. దీన్నే శాతమనుకోకండి, 1.79తో భాగిస్తేనే మొత్తంలో విషం వాటా 44 శాతమని తేలుతుంది. అంటే 2 పీపీఎంలో దాదాపు 0.9. అదే నీటిలో పీహెచ్ 7.5 అయితే 0.05 మాత్రమే. ఉప్పునీటిలో ఈ వాటా కొంచెం తగ్గుతుంది గానీ, పద్దెనిమిది రెట్ల తేడా మాయమైపోదు.

మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ కొలవండి. అదే సమయంలో నీటి వేడినీ రాయండి, ఎందుకంటే వేడి పెరిగితే పీకేఏ తగ్గి విషం వాటా పెరుగుతుంది. కిట్ అంకె అమ్మోనియాదో, అమ్మోనియాలోని నైట్రోజన్‌దో డబ్బా మీద చదవండి. పీహెచ్ మీటరును 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూడండి. అమ్మోనియా ఉన్న చెరువులో కాల్చిన సున్నం చల్లకండి, అది పీహెచ్‌ను ఒక్కసారిగా లేపుతుంది. మబ్బు రోజుల్లో ప్లాంక్టన్ చచ్చిందా, మొత్తం అమ్మోనియాను మళ్లీ కొలవండి. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆపవద్దు. ఉదయపు అంకెను చూసి మేత పెంచవద్దు. మూడు గంటల గడి నిండాకే సాయంత్రపు మేత తూకం వేయండి.