చిక్కు సంగతి నాయకుడికి ముందుగా తెలియాలంటే

బృందం పనితీరు పడిపోయినప్పుడు చాలామంది నాయకులు ముందుగా సభ్యుల నైపుణ్యాన్నీ శ్రద్ధనూ అనుమానిస్తారు. అంతకన్నా ముందు చూడవలసింది ఒకటుంది: పనిలో చిక్కు వచ్చిందని గమనించిన మనిషి ఆ మాటను నాయకుడి దాకా తేవడానికి ఎన్ని రోజులు తీసుకుంటున్నాడు? ఆ జాప్యం పెరిగేకొద్దీ ఎంత సమర్థులున్న బృందమైనా దెబ్బతింటుంది; దాన్ని పెంచేదీ తగ్గించేదీ చాలావరకు నాయకుడి తీరే.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో ఒక విమానం టేకాఫ్ మొదలుపెట్టాక, రెండోది రన్‌వే మీదే ఉందేమోనన్న సందేహం మొదటిదాని ఫ్లైట్ ఇంజనీరుకు కలిగింది. ఆయన అడిగాడు కూడా. కానీ ఎంతో అనుభవమున్న కెప్టెన్ రన్‌వే ఖాళీ అయిందని గట్టిగా చెప్పేసరికి మళ్లీ రెట్టించలేదు. 1979లో నాసా నిర్వహించిన వర్క్‌షాప్‌తో రూపుదిద్దుకున్న విమాన సిబ్బంది శిక్షణ, సందేహాన్ని సూటిగా చెప్పడం కింది సిబ్బందికీ, దాన్ని చెవిన పెట్టడం కెప్టెన్లకూ నేర్పింది.

మీ సమావేశంలో మార్చవలసిన మొదటి అంశం ప్రశ్న. “నెలాఖరుకు అయిపోతుంది కదా?” అని అడిగితే అందరూ తలూపుతారు. “నెలాఖరుకు పూర్తి కాలేదనుకుందాం, కారణం ఏమై ఉంటుంది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండండి. ఆ నిశ్శబ్దం మొదటిసారి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా మీరు దాన్ని పూరించవద్దు. అందరికన్నా కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి, మీ అభిప్రాయాన్ని ఆఖరున చెప్పండి. పెద్దవారి మాట ముందే బయటపడితే మిగిలినవారు దానికి తగ్గట్టు తమ మాట సర్దుకుంటారు.

అంతకన్నా ముఖ్యమైనది, చెడు కబురు విన్న తొలి నిమిషంలో మీ ముఖకవళిక. ఆ నిమిషాన్ని బృందమంతా చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. ముందు “ఇప్పుడే చెప్పడం మంచిదైంది, ఏం సాయం కావాలి?” అని అడగండి, కారణాల విచారణ పని గట్టెక్కాక, ఏకాంతంగా. దీని అర్థం అలసత్వాన్ని సహించమని కాదు. పొరపాటు చేసి చెప్పినవారినీ, తెలిసీ దాచినవారినీ ఒకే గాటన కట్టకూడదన్నదే నా ఉద్దేశం.

ఇలా చేసిన కొత్తలో సమస్యలు పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించిన పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్, మంచి బృందాల్లో నమోదైన పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుంటే, ఎక్కువగా కనిపించాయి. అక్కడివారు వాటిని భయం లేకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె తేల్చారు.

ఎవరి బాధ్యత ఏమిటో కూడా పని మొదలయ్యేముందే పైకి చెప్పించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టులోనూ, కోత పెట్టేముందు ప్రతి ఒక్కరూ తమ పేరూ పాత్రా చెప్పుకోవాలన్న అంశం ఉంది.

ఫలితం తెలుసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి సమస్యకూ ఎదురుగా అది బృందంలో ఎవరికైనా తెలిసిన తేదీ, మీకు తెలిసిన తేదీ రాయండి. రెండు నెలల తర్వాత కూడా ఒకరి దగ్గరినుంచి కబురు ఆలస్యంగానే వస్తుంటే, ఆ మనిషిని పిలిచి, కిందటిసారి చెప్పినప్పుడు మీ స్పందన ఎలా అనిపించిందో అడగండి, మధ్యలో సంజాయిషీ ఇచ్చుకోకుండా చివరిదాకా వినండి.