లోహపు మెరుపుతో మిగ్-21 నమూనా కట్టడం

ప్లాస్టిక్ విమాన నమూనాలు కట్టేవారిని, మీరు కట్టిన వాటిలో మీకు గర్వకారణమైనది ఏదని అడిగితే, అద్దాల బీరువాలోని పెద్ద బాంబర్‌ను వదిలేసి, రంగు లేని లోహపు ఒంటితో ఉన్న ఏదో చిన్న ఫైటర్‌ను బయటికి తీసి చూపించేవారు తరచుగా కనిపిస్తారు. అందుకు కారణముంది. శత్రువు కంటపడకుండా వేసే పచ్చ, గోధుమ రంగుల క్యామఫ్లాజ్ పూత అతుకులను కొంతవరకు కప్పిపుచ్చుతుంది. లోహపు పూత దేన్నీ దాచదు సరికదా, ఉన్న లోపాన్ని పనిగట్టుకుని చూపిస్తుంది. భారత వైమానిక దళం 1963 నుంచి నడిపిన మిగ్-21 కుటుంబంలోని ఎఫ్‌ఎల్ రకాన్ని, 1971 యుద్ధానికి ముందున్న లోహపు రూపంలో ఎలా కట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మొదట కిట్ ఎంపిక. మిగ్-21 పేరుతో దొరికే పెట్టెలన్నీ ఒకటి కావు. మన దేశంలో టైప్ 77 అని పిలిచిన ఎఫ్‌ఎల్‌కు వెన్ను సన్నగా ఉంటుంది, కాక్‌పిట్ మూత ముందు వైపు కీలుతో పైకి లేస్తుంది, ఒంట్లో ఫిరంగి ఉండదు. తరువాత వచ్చిన బిస్ రకానికి వెన్ను లావు, మూత పక్కకు తెరుచుకుంటుంది, పొట్ట కింద జీఎస్‌హెచ్-23 ఫిరంగి ఉంటుంది. బిస్ పెట్టె కొని దానికి ఎఫ్‌ఎల్ గుర్తులు అతికిస్తే, తెలిసినవారి కంట్లో అది మొదటి చూపులోనే పడుతుంది. అసలు విమానం రెక్కల నిడివి 7.15 మీటర్లు కాబట్టి 1/72 కొలతలో నమూనా రెక్కల నిడివి పది సెంటీమీటర్ల లోపు, 1/48లో దాదాపు పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది. లోహపు పూత మొదటిసారి వేసేవారికి 1/48 మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్యానెళ్లకు, అంటే విమానం ఒంటి మీది రేకులకు, వేరువేరు ఛాయలు ఇవ్వడానికి అందులో చోటు ఉంటుంది.

పెట్టె మీది బొమ్మను నమ్మవద్దు. ఒకే విమానాన్ని, ఒకే కాలానికి చెందిన ఫొటోలు చూసి ఎంచుకోండి. 1971లో ఈ విమానాలకు లోహం మీదే హడావుడిగా క్యామఫ్లాజ్ రంగులు పూశారు కనుక, నెలల తేడాతో అదే విమానం రూపం పూర్తిగా మారిపోయి ఉండవచ్చు. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో మిగ్-21ను దగ్గరగా చూడవచ్చు గాని, ప్రదర్శనకు పెట్టిన విమానాలకు మళ్లీ మళ్లీ రంగులు వేస్తారు కాబట్టి అక్కడ ఆకారాన్ని చూసుకోండి, రంగుకు మాత్రం పాత ఫొటోలనే ఆధారం చేసుకోండి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఈ విమానం ఒడలును నాసిక్‌లో, ఇంజిన్‌ను కోరాపుట్‌లో తయారుచేయగా, ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో హైదరాబాద్‌లో ఒక విభాగాన్ని నెలకొల్పింది; మన చుట్టాల్లోనో ఇరుగుపొరుగులోనో అక్కడ పనిచేసి రిటైరైన పెద్దవారు ఉంటే, వారి దగ్గర ఉన్న ఫొటోలు ఒకసారి అడిగి చూడటంలో తప్పులేదు.

కాక్‌పిట్‌కు సోవియట్ విమానాల్లో కనిపించే నీలి ఆకుపచ్చ రంగు వేసి, ఒడలు రెండు సగాలను మూసే ముందు ముక్కులోని శంకువు లోపల బరువు పెట్టడం మరువకండి. లేకపోతే నమూనా తోక మీద కూలబడుతుంది. చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు ఇందుకు బాగా పనికొస్తాయి, అయితే వాటిని ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో అతికించకూడదు. ఆ జిగురుతో సీసం చర్య పొంది, కొంతకాలానికి ఉబ్బి, నమూనాను లోపలి నుంచే పగులగొడుతుంది. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడండి, సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోండి. రెక్కలు అతికించేటప్పుడు అవి కొసల వైపు రెండు డిగ్రీలు కిందికి వంగి ఉండేలా చూడాలి. సమతలంగా నిలబెడితే మిగ్-21 పోలిక పోతుంది.

అసలు పని ఇక్కడి నుంచి. వెన్ను మీద, పొట్ట కింద ఉన్న పొడవాటి అతుకులను మామూలు లప్పంతో నింపితే అది ఆరిన తరువాత కుంచించుకుపోయి, పూత వేశాక వెంట్రుకవాసి గీతగా బయటపడుతుంది. దానికి బదులు సూపర్ గ్లూతో నింపి, అది ప్లాస్టిక్ కంటే గట్టిపడకముందే, అంటే అదే పూట, రుద్దేయాలి. 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000 వరకు, నీటిలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి రుద్దండి. ప్రతి నంబరూ ముందటి నంబరు మిగిల్చిన గీతలను పూర్తిగా తీసేసిన తరువాతే తరువాతిదానికి వెళ్లండి. రుద్దుడులో చెరిగిపోయిన ప్యానెల్ గీతలను, దళసరి లేబుల్ టేప్‌ను అంచుగా అతికించి, సూదితో నెమ్మదిగా రెండు మూడుసార్లు గీసి తిరిగి తేవాలి. తరువాత నమూనాను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, అక్కడి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, వేలిముద్రలోని జిడ్డు కూడా పూతలో కనిపిస్తుంది.

ఇప్పుడు నిగనిగలాడే నలుపు రంగును ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) పలుచగా వేయండి. అది ఆరాక నమూనాను ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, వెన్ను మీద పడిన వెలుగు గీతను చూస్తూ మెల్లగా తిప్పాలి. ఆ గీత అతుకును దాటేచోట విరిగినా, వణికినా అక్కడ ఇంకా పల్లమో మిట్టో ఉన్నట్టే. మళ్లీ 1000 నంబరు పేపర్‌కు వెళ్లాలి. విసుగనిపించినా ఈ పరీక్షను దాటవేయవద్దు, లోహపు పూత వేశాక దిద్దడం ఇంతకు పదింతల శ్రమ.

నలుపు కనీసం ఒక రోజు ఆరిన తరువాత ఆల్‌క్లాడ్ బ్రాండు వంటి లాకర్ (త్వరగా ఆరే ద్రావకపు రంగు) రకం లోహపు రంగును 12 నుంచి 15 పీఎస్‌ఐ ఒత్తిడితో, దగ్గర నుంచి, పొగలాంటి పలుచని పొరలుగా వేయాలి. మాస్క్ పెట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వానాకాలంలో లాకర్ మీద తెల్లటి మసక కమ్ముతుంది కాబట్టి పొడి రోజు కోసం ఆగడమో, రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిసిన థిన్నర్ వాడటమో చేయాలి. క్రోమ్ ఛాయ జోలికి పోకండి, సేవలో ఉన్న విమానం అద్దంలా మెరవదు. ఒళ్లంతా మామూలు అల్యూమినియం వేసి, నాలుగైదు ప్యానెళ్లకు మాత్రమే మాస్కింగ్ టేప్ కట్టి కాస్త ముదురు ఛాయ ఇస్తే చాలు. ఆ టేప్‌ను ముందుగా అరచేతికి అంటించి తీస్తే జిగురు తగ్గి, కింది పూత ఊడిరాదు. తోక చివర, ఇంజిన్ గొట్టం చుట్టూ ముదురు ఛాయ కావాలి. ముక్కు శంకువు, నిలువు తోక పైకొస లోహం కావు కనుక వాటికి ఫొటోలో ఉన్న రంగు వేయాలి.

డీకాల్స్‌ను, అంటే కిట్‌తో వచ్చే అచ్చు గుర్తులను, నీటిలో నానబెట్టి అతికించేటప్పుడు వైమానిక దళపు గుండ్రని గుర్తులో కాషాయం బయట, ఆకుపచ్చ నడుమ ఉంటాయని గుర్తుంచుకోండి. మెత్తబరిచే ద్రావకాన్ని ముందుగా కనిపించని చోట పరీక్షించి వాడండి.

చివరిది ముక్కు మీది పొడవాటి పిటో గొట్టం, అంటే విమాన వేగాన్ని కొలిచేందుకు గాలి తీసుకునే గొట్టం. కిట్‌లోని ప్లాస్టిక్ ముక్క లావుగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. మందుల షాపులో దొరికే 20 గేజ్ ఇంజెక్షన్ సూదిలో 26 గేజ్ సూది దూరుతుంది కనుక, ఆ రెండింటితో మెట్టు ఉన్న గొట్టం తయారవుతుంది. సూదిని మూడు పలకల ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి వంచితే శుభ్రంగా తెగుతుంది, మొన ఉన్న భాగాన్ని ముందే తీసి పారేయండి. దీన్ని అతికించడానికి సూపర్ గ్లూ వద్దు, ఆ ఆవిరికి కాక్‌పిట్ అద్దం తెల్లబారుతుంది. కొద్దిగా ఎపాక్సీ పెట్టి, గొట్టం తిన్నగా ఉందో లేదో ముందు నుంచీ పక్క నుంచీ చూసి, రాత్రంతా కదపకుండా వదిలేయండి.