ఫైబర్ ద్వారా టీవీ చానళ్లు: కనెక్షన్ తీసుకునేవారికి కొన్ని సూచనలు

ఇప్పుడు మన ఊళ్లలో 'ఫైబర్ టీవీ' అన్న ఒకే పేరు మీద మూడు వేర్వేరు ఏర్పాట్లు అమ్ముడవుతున్నాయి. వాటిలో తమకు ఇస్తున్నది ఏదో తెలుసుకోకుండా ఏడాది డబ్బు ఒకేసారి కట్టవద్దని నా సలహా.

మొదటి ఏర్పాటులో పాత కేబుల్ సిగ్నలే కాంతి రూపంలో సన్నని గాజు తీగ గుండా ఇంటిదాకా వచ్చి, గోడకు బిగించిన చిన్న పెట్టెలో మళ్లీ మామూలు సిగ్నల్‌గా మారి సెట్‌టాప్ బాక్సుకు చేరుతుంది. దీనికి ఇంటర్నెట్‌తో పని లేదు. రెండవది ఐపీటీవీ. చానళ్లు డేటాగా మారి సంస్థ సొంత నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తాయి, మీరు పెట్టిన చానల్ మాత్రమే మీ ఇంటికి వస్తుంది. ఒకే చానల్‌ను వీధిలో పదిమంది చూస్తున్నా ఒకే ప్రవాహం వచ్చి చివరలో చీలుతుంది కనుక, పని సరిగా చేసిన చోట రాత్రి రద్దీ వేళలోనూ బొమ్మ నిలకడగా ఉంటుంది. 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగలతో ఇంటర్నెట్, ఫోన్, చానళ్లు కలిపి నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఇళ్లకు తెచ్చింది ఈ పద్ధతినే. మూడవది స్మార్ట్ టీవీలోని యాప్. ఇది మామూలు ఇంటర్నెట్ మీదే ఆధారపడుతుంది కాబట్టి నెట్ మందగిస్తే బొమ్మ ఆగుతుంది. క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం కూడా పక్కింటి కేబుల్ కంటే కొన్ని సెకన్లు వెనకబడుతుంది.

ఏ రకమో తేల్చుకోవడానికి ఆపరేటరును రెండు ప్రశ్నలు అడగండి. నెట్ ప్లాన్ గడువు ముగిసినా చానళ్లు వస్తాయా? చానళ్లు చూస్తే నా డేటా ఖర్చవుతుందా? మొదటిదానికి రావని, రెండవదానికి అవుతుందని చెబితే, అది యాప్ ఏర్పాటేనని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

తీగ లాగే రోజున ఇంట్లో ఒకరు దగ్గరుండి చూడడం అవసరం. రాగి తీగను ఎటు వంచినా పనిచేస్తుంది కానీ, గాజు తీగను తలుపు మూలన మడిచి మేకు కొడితే కాంతి అక్కడే కారిపోతుంది. మలుపు కనీసం అరచేతి వెడల్పు గుండ్రంగా ఉండేలా చూడండి. మిగిలిన తీగను చిన్న చుట్టగా బిగించి కట్టనివ్వకండి. కనెక్టరు కొనను వేలితో తాకకూడదు, దుమ్ము పడినా సిగ్నల్ తగ్గుతుంది. పని ముగిశాక టెక్నీషియన్ చేతిలోని, కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటరులో అంకె చూపించమనండి. ఒకే తీగలోని కాంతిని చాలా ఇళ్లకు పంచే, ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో అది మైనస్ 8కి, మైనస్ 27కి మధ్య (డీబీఎం అనే కొలతలో) ఉండాలి. మైనస్ 26 వచ్చినా 'పనిచేస్తోంది కదా' అని వెళ్లిపోతారు గానీ, కొద్దికాలానికే ఏ జాయింటు వదులైనా టీవీ ఆగిపోతుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. తరువాత ఎప్పుడైనా పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' అన్న దీపం ఎర్రగా వెలిగితే లోపం కాంతి వచ్చే దారిలో ఉందని అర్థం. అప్పుడు టీవీని ఆపి మళ్లీ వేసినందువల్ల ప్రయోజనం ఉండదు, నేరుగా ఫిర్యాదు చేయాలి.

ఐపీటీవీ బాక్సును వైఫై మీద కాక లాన్ కేబులుతో కలపడమే మేలు. తప్పనిసరిగా వైఫై వాడితే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. అయితే అది గోడలను అంతగా దాటలేదు కాబట్టి రూటరు, టీవీ ఒకే గదిలో ఉండాలి. రెండవ టీవీకి సాధారణంగా మరో బాక్సు కావాలి, దాని అద్దె ముందే అడగండి.

కరెంటు పోతే ఫైబర్ పెట్టె కూడా ఆగిపోతుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో రూటరుకు సరిపోయే 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఫోను, నెట్ నిలుస్తాయి.

తీగ తెగితే రోజుల తరబడి మరమ్మతు కాని పల్లెల్లో మాత్రం ఫైబర్ ఒక్కదానినే నమ్ముకోవడం సరికాదు. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెలసరి చందా లేదు. డిష్, బాక్సు కొంటే చాలు. వృద్ధులున్న ఇళ్లలో వార్తలకు, వాతావరణ హెచ్చరికలకు అది తోడుగా ఉంటే మంచిది.

పాత కేబుల్ కనెక్షన్‌ను ఫైబర్‌లో చానళ్లన్నీ కొన్ని వారాలు సరిగా వచ్చాకే రద్దు చేయండి. బాక్సు అద్దెదైతే తిరిగి ఇచ్చేటప్పుడు, దాని సీరియల్ నంబరు రాసిన రసీదు తప్పక తీసుకోండి.