లిథువేనియన్ నేర్చుకుందాం – 7: తలుపులు, రాకపోకలు

పోయిన పాఠంలో ఇంట్లోని గదుల పేర్లు చూశాం. ఈసారి ఆ గదుల్లోకి వెళ్ళడం, బయటికి రావడం, తలుపు తీయడం, వేయడం నేర్చుకుందాం. చాలామంది ఓపెన్, గో, కమ్ అన్న ఇంగ్లీషు మాటలు పట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో లిథువేనియన్ మాట వెతుకుతారు. ఆ దారిలో తప్పులు ఎక్కువ. ముందు వాక్యాన్ని తెలుగులో అనుకుని, అక్కణ్ణుంచి మార్చండి. ఒకచోట తెలుగు కూడా సాయపడదు, అది చివర్లో చెబుతాను.

ఉచ్చారణ గుర్తుంది కదా: ఈ పాఠంలో జ అని రాసినచోటల్లా ‘మెజర్‌’ అనే మాటలో వినిపించే జ పలకాలి.

తలుపు అంటే దురీస్. మన ద్వారానికి దూరపు చుట్టం. ఈ మాటకి ఏకవచనం లేదు. ఒక్క తలుపైనా, పది తలుపులైనా దురీస్ అనే అంటారు, పక్కన విశేషణం ఉంటే అదీ బహువచనంలోనే ఉంటుంది. అందుకే లెక్కపెట్టడానికి మామూలు అంకెలు పనికిరావు. రెండు అంటే ద్వి అని నేర్చుకున్నాం, కానీ ‘ద్వి దురీస్’ తప్పు, ‘ద్వెయోస్ దురీస్’ అనాలి. ఒక్క తలుపు ‘వియెనెర్యోస్ దురీస్’. పెద్ద ద్వారానికి, గేటుకి వాడే వర్తయ్ కూడా ఇంతే. లిథువేనియా రాజధాని విల్నియస్ పాతబస్తీలో ఔష్రోస్ వర్తయ్ ఉంది, ఉషోద్వారం. 1503–1522 మధ్య కోటగోడతో పాటు కట్టిన ద్వారాల్లో ఇప్పటికి మిగిలింది ఇదే. కట్టడం ఒకటే, పేరు మాత్రం బహువచనం.

తలుపు తీయడం అతిదరీతి, వేయడం ఉజ్‌దరీతి. రెండింటిలోనూ ఉన్న దరీతికి అర్థం చేయడం. అర్థాన్ని తిప్పేది ముందున్న ఉపసర్గ. తాళానికీ అదే జత: అత్‌రకింతి అంటే తాళం తీయడం, ఉజ్‌రకింతి అంటే తాళం వేయడం.

‘తలుపు తియ్యి’ అనాలంటే ‘అతిదరీక్ దురిస్’. ‘తలుపు తియ్యకు’ అనాలంటే ‘నెఅతిదరీక్ దురూ’. రెండోదాంట్లో దురిస్ కాస్తా దురూ అయింది, చూశారా? క్రియకి ‘నె’ తగిలితే కర్మ ద్వితీయ వదిలి షష్ఠిలోకి వెళ్తుంది. తలుపుకే కాదు, అన్ని కర్మలకీ ఇదే నియమం. వచ్చే పాఠాలన్నిటిలో ఇది ఎదురవుతుంది కాబట్టి ఈ రెండు వాక్యాలూ నోటికి వచ్చేదాకా పైకి అనండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఇంగ్లీషులో ఎవరో తలుపు తీసినా, తలుపు దానంతటదే తెరుచుకున్నా ఓపెన్ అనే చెబుతారు. మనం అలా కలపం. తెరిచాడు వేరు, తెరుచుకుంది వేరు. మన ‘కొను’ చేసే పని అక్కడ ‘సి’ చేస్తుంది. ‘అతిదారే దురిస్’ అంటే తలుపు తెరిచాడు. ‘దురీస్ అత్‌సిదారే’ అంటే తలుపు తెరుచుకుంది. ఉపసర్గకీ క్రియకీ మధ్యలో దూరింది ‘సి’. అది దూరాక అతి కాస్తా అత్ అయింది, ఎందుకంటే ఆ చివరి ఇకారం త, ద ల ముందే వస్తుంది. మూసుకుంది అనడానికి ‘ఉజ్‌సిదారే’. బస్సు తలుపులకీ, లిఫ్టు తలుపులకీ ఇదే వాడండి.

దుకాణం తెరిచి ఉందా అని అడగాలనుకోండి. ‘అర్ పర్దువోతువే దిర్బ?’ అంటారు, అంటే దుకాణం పనిచేస్తోందా అని. తలుపు ఊసే రాదు.

ఇక నడక. నడిచి వెళ్ళడం ఎయ్‌తి. లోపలికి వెళ్తే ఈఎయ్‌తి, బయటికి వెళ్తే ఇషెయ్‌తి, ఇటు వస్తే అతెయ్‌తి, ఇంటికి చేరితే పరెయ్‌తి. దారిలో ఒకసారి తొంగిచూసి పోవడం ఉజెయ్‌తి. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ‘ఉజెయ్‌కితె!’ అని పిలిస్తే, మనం ‘లోపలికి రండి’ అన్నంత ఆప్యాయంగా ఉంటుంది. ఆఫీసులో తలుపు తట్టినప్పుడు ‘ఈఎయ్‌కితె’ అని వినిపించవచ్చు, లేదా ఉత్త ‘ప్రషోమ్’, అంటే దయచేసి.

గదికి మన విభక్తులు సరిగ్గా అతుకుతాయి. గదిలో: కంబరీయె. గదిలోకి: ఈ కంబరీ. గదిలోంచి: ఇష్ కంబరియో. లో, లోకి, లోంచి తేడా మనకి పుట్టుకతో వచ్చింది కాబట్టి ఇక్కడ తడబడాల్సిన పనిలేదు. తలుపులోంచి అనాలంటే మాత్రం ‘ప్రో దురిస్’.

తెలుగు చేయిచ్చేది ఇక్కడే. మనం కాలినడకన వెళ్ళినా, రైల్లో వెళ్ళినా ‘వెళ్తున్నాను’ అంటాం. వాళ్ళు అనరు. వాహనం ఉంటే ఎయ్‌తి పోయి వజువోతి రావాలి. విల్నియస్ నుంచి కౌనస్ దాదాపు 100 కిలోమీటర్లు. ‘ఎయ్‌ను ఈ కౌనా’ అన్నారంటే, అంత దూరమూ నడిచి వెళ్తున్నానని చెప్పినట్టే. ‘వజువోయు ఈ కౌనా’ అనండి. ఉపసర్గలు దీనికీ అవే: నడిచి ఇల్లు చేరితే ‘పరేయౌ నమో’, బండిలో చేరితే ‘పర్‌వజ్యవౌ నమో’. నమో అంటే ఇంటికి.

తలుపుల మీద కనబడే మాటలు కూడా రాసుకోండి: స్తుమ్‌తి అంటే తోయడం, త్రౌక్తి అంటే లాగడం, ఈఏయిమస్ అంటే లోపలికి దారి, ఇషేయిమస్ అంటే బయటికి దారి.

అభ్యాసం: ‘తలుపు మూసుకుంది’, ‘తలుపు వెయ్యకు’, ‘రెండు ద్వారాలు’, ‘బస్సులో విల్నియస్ వెళ్తున్నాను’. చివరిదానికి బస్సు అన్న మాట అక్కర్లేదు, వాహనంలో వెళ్తున్నట్టు క్రియే చెబుతుంది. మూడోదాంట్లో వర్తయ్ పుంలింగం కాబట్టి ద్వెయోస్ కుదరదు, ‘ద్వెయి’ వాడండి. జవాబులు ఎనిమిదో పాఠంలో.