ఆపరేషన్ డేటు తీసుకునే ముందు

రొమ్ములో గడ్డ క్యాన్సరే అని తేలగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "రేపే తీయించేద్దాం". మా అక్క విషయంలో ఇంకా తొందరపడ్డాం. ఊళ్లో ఒక నర్సింగ్‌హోంలో సూది పరీక్ష కూడా చేయకుండానే గడ్డ కోసేశారు. అంచుల్లో క్యాన్సర్ మిగిలిపోయింది. నెల తిరక్కుండా రెండో ఆపరేషన్. నేను డాక్టర్ని కాను, అక్క ఫైలు మోసిన తమ్ముణ్ని. అప్పుడు మాకెవరూ చెప్పనివే ఇవి.

తొలి దశ అంటే గడ్డ రొమ్ములోనే ఉంది, మహా అయితే చంకలో కొన్ని బిళ్ళలకు (లింఫ్ గ్రంథులకు) చేరింది. పరీక్షలకు రెండు మూడు వారాలు పడితే కొంపేం మునగదు. పసరు మందు అంటూ నెలలు గడిపితేనే మునుగుతుంది.

ముందు కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో ముక్క తీసి చూడటం. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం వదిలేయండి. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ హార్మోన్లతో పెరిగే రకమా అని), హెర్2 (క్యాన్సర్‌ను వేగంగా పెంచే ప్రోటీన్ ఎక్కువుందా అని) పరీక్షలు చేస్తారు. హెర్2 దగ్గర 2+ అని ఉంటే అవుననీ కాదు, కాదనీ కాదు. ఫిష్ అనే ఇంకో టెస్టుతోనే తేలుతుంది. మా రిపోర్టు రెండో పేజీ అడుగున ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది. మేం మొదటి పేజీ చూసి మడిచేశాం.

ఇదంతా ఎందుకంటే, హెర్2 పాజిటివ్ అయినా, మూడూ నెగెటివ్ అయినా, గడ్డ 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా కీమో ముందు, ఆపరేషన్ తర్వాత. మందుకు గడ్డ ఎంత లొంగిందో చూసి తర్వాతి మందులు నిర్ణయిస్తారు. ముందే కోసేస్తే ఆ అవకాశం పోతుంది. కీమో ముందైతే గడ్డలో చిన్న క్లిప్పు పెట్టించమని అడగండి. గడ్డ పూర్తిగా కరిగిపోతే సర్జన్‌కు చోటు తెలిసేది దాంతోనే.

ఇక "మొత్తం తీసేస్తే పీడా పోతుంది" అనే పెద్దవాళ్లు. అమెరికాలో, ఇటలీలో 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితాలు చెప్పారు: గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా ఆయుష్షులో తేడా లేదు. గడ్డలు వేర్వేరు చోట్ల ఉన్నా, రేడియేషన్ పడని పరిస్థితి ఉన్నా మొత్తం తీయాల్సి రావచ్చు. అయితే మొత్తం తీసినా కొందరికి కరెంటు, అంటే రేడియేషన్, తప్పదు. ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15, 16 సిట్టింగులతో అయిపోతుంది. ఆస్పత్రి దగ్గర గది ముందే చూసుకోండి. ఏం తీయించుకోవాలో చెప్పాల్సింది ఆమె, ఆడపడుచూ కాదు, తమ్ముడూ కాదు.

చంకలో బిళ్ళలన్నీ తీస్తారా, సెంటినెల్ నోడ్, అంటే క్యాన్సర్ మొదట చేరే బిళ్ళ, చూసి ఆపుతారా అని కూడా అడగాలి. అన్నీ తీస్తే చెయ్యి వాచే ముప్పు ఎక్కువ.

ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అయితే అందరికీ కీమో తప్పనిసరి కాదు. అవసరమో కాదో చెప్పే జీన్ టెస్టులున్నాయి, ఖరీదెక్కువ. హార్మోన్ మాత్రలు మాత్రం కనీసం అయిదేళ్లు. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానేయకూడదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే కీమో మొదలుకాక ముందే చెప్పండి, తర్వాత చెప్తే ఆలస్యమే.

సెకండ్ ఒపీనియన్‌కు వెళ్తే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. హైదరాబాద్ ఎం.ఎన్.జె., విశాఖ హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆస్పత్రుల్లో చూపించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ మందు అందులో వస్తుందో, ఏది చేతినుంచి పెట్టుకోవాలో మొదటిరోజే కనుక్కోండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలొక్కటే చాలవు. ల్యాబ్‌లో అడిగి స్లైడ్లు, బ్లాకులు తీసుకెళ్లండి. బ్లాకంటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలో మైనం పోసి దాచిన ముక్క. ఎండాకాలం దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, మైనం కరుగుతుంది.