విత్తన కంపెనీలో సాఫ్ట్‌వేర్ మార్పు: కార్తెలు చూసుకుని కదలండి

జనవరి వచ్చిందంటే మా ఎండీ గారి గదిలో వైట్‌బోర్డు మీద బాణాలు మొదలవుతాయి. ఈ ఏడాది కొత్త ఈఆర్‌పీ (అమ్మకాలు, స్టాకు, అకౌంట్లు ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), వచ్చే ఏడాది క్లౌడ్, ఆ పై ఏడాది ఏఐ. మూడు డబ్బాలు గీస్తే మూడేళ్ల రోడ్‌మ్యాప్ అయిపోయినట్టే. హైదరాబాద్ దగ్గర ఒక విత్తన కంపెనీలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ల పని చూస్తున్నవాడిగా, ఆ బాణాలు గీయకముందే చూసుకోవాల్సినవి చెబుతాను. మీది మందుల డిస్ట్రిబ్యూషనైనా స్పిన్నింగ్ మిల్లైనా నెలలు మారతాయంతే.

ముందు మన చేతిలో లేని తేదీలు రాయండి. ఒక పెద్ద కాగితం మీద ముప్పై ఆరు నెలలు గీసి, ఎర్ర స్కెచ్ పెన్ తీసుకోండి. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన సర్వర్లలో చాలాచోట్ల ఇంకా నడుస్తున్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కి సపోర్టు గడువు 2026 జులై 14. సాప్ కంపెనీ పాత ఈఆర్‌పీ, ఈసీసీ వాడేవాళ్లకు మామూలు మెయింటెనెన్స్ 2027 ఆఖరుదాకానే. ప్రభుత్వం తేదీలు మరో వరస. ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకే అన్నారు. 2023 ఆగస్టుకల్లా 5 కోట్లకు దిగింది. ‘అది పెద్దోళ్ల గొడవ’ అని కూర్చున్న ప్రతి కంపెనీ ఆఖరి నెలలో వెండర్ చుట్టూ తిరిగింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదవ్వాలి, ఆ లాగ్‌ను ఆపే వీలుండకూడదు. డెమోలో రంగురంగుల డాష్‌బోర్డులు చూపిస్తారు; మీరు మాత్రం ఒక పాత వోచరు దిద్దించి లాగ్ చూపించమనండి.

తర్వాత మన సీజన్. మాకు పత్తే ప్రధానం. రోహిణి కార్తె నుంచి మృగశిర దాటేదాకా, అంటే మే ఆఖరు, జూన్ నెలల్లో సర్వర్ దగ్గరికి ఎవరూ పోకూడదు. ఇది అందరికీ తెలుసు. తెలియనిది దాని తర్వాతి ముచ్చట. అమ్ముడుపోని ప్యాకెట్లు డీలర్ల నుంచి వెనక్కి వస్తాయి. ఏ బిల్లు, ఏ లాటు (విత్తనాల బ్యాచ్), ఏ రేటు అన్నది పాత అమ్మకంలో చూసుకుంటేనే క్రెడిట్ నోట్ వేసి డీలర్ ఖాతాలో డబ్బు తిరిగి జమ చేయగలం. డీలర్ బ్యాలెన్సులు మాత్రమే కొత్త దాంట్లోకి తెస్తే ఆ రిటర్నులన్నీ గాల్లో వేలాడతాయి. కాబట్టి లాటువారీ అమ్మకాలు కూడా తేవాలి, లేదా రిటర్నులు తేలాకే మారాలి.

ఎప్పుడు మారాలంటే, అకౌంట్స్ వాళ్లు కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 అంటారు, గోడౌన్ వాళ్లు నవంబర్ అంటారు. ఇద్దరిదీ నిజమే. కిందటిసారి మేం స్టాకును 2022 నవంబర్‌లో, అకౌంట్లను 2023 ఏప్రిల్‌లో మార్చాం. మధ్యలో ఐదు నెలలు రెండు సాఫ్ట్‌వేర్లకూ రోజూ లెక్క కలపాల్సి వచ్చింది. ఆ పని ఎవరి మెడకు చుట్టుకుంటుందో రోడ్‌మ్యాప్‌లోనే రాయండి. మేం రాయలేదు. ఒక జూనియర్ అకౌంటెంట్ సంక్రాంతికి ఊరెళ్లలేకపోయాడు.

డేటా సంగతికొస్తే, కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిన రెండో రోజు గోడౌన్ ఇన్‌చార్జి ఫోన్. ‘సార్, ఈ లాటు మన దగ్గర లేదంటోంది కంప్యూటరు. బస్తాలు నా ముందే ఉన్నాయి.’ లేబుల్ మీద 12E03 అని ఉంది. మధ్యలో ఎవరో ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. ఎక్సెల్ లెక్కలో E03 అంటే పక్కన మూడు సున్నాలు; అందుకే అది పన్నెండు వేలు అనుకుని 1.20E+04 అని మార్చేసింది. JUN-04 అన్న లాటు జూన్ 4వ తేదీ అయింది. వరసల సంఖ్య సరిపోయింది, ప్యాకెట్ల మొత్తం సరిపోయింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. లాటు నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గానే తెరవండి. రెండు వైపులా లాటు నంబర్ల జాబితాలు తీసి ఒకదానితో ఒకటి సరిచూడండి. ఇరవై బస్తాల దగ్గరికి స్వయంగా వెళ్లి లేబుల్ చదవండి.

పనిలో పనిగా గోడౌన్ అంతా ఒకసారి తిరగండి. కాటా దగ్గర కంప్యూటరు, లేబుల్ ప్రింటర్‌కు తగిలించిన విండోస్ 7 డబ్బా, దాని వెనక దుమ్ములో ఎర్ర లైటు వెలుగుతున్న డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు తాళంలా పనిచేసే చిన్న ముక్క). ఏ లిస్టులోనూ ఉండవు. అవి ఆగితే లారీ కదలదు.

అంతా ఒక్క వారాంతంలో మార్చేద్దాం అని వెండర్ అంటే ఒప్పుకోకండి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో అలాగే వారాంతంలో మారింది. లక్షలమంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ముందు ఒక డిపో మార్చండి. వెనక్కి తిరిగే గంట కూడా ముందే తేల్చుకోండి: ఆదివారం మధ్యాహ్నం మూడింటికి స్టాకు కలవకపోతే పాతదే నడుస్తుంది, ఆ మాట చెప్పే మనిషి ఫలానా. ఆ మనిషి వెండర్ కాకూడదు. బ్యాకప్ తీశాం అంటే నమ్మకండి, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి నిన్నటి బిల్లు ఒకటి ప్రింట్ తీయమనండి.

పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు మరుసటి రోజే రద్దు చేసి డబ్బు మిగిల్చామనుకోవద్దు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు ఉండాలి, అడిగితే తెరుచుకోవాలి. మా పాత సర్వర్ మెట్ల కింద గదిలో ఉంది. నెలకోసారి ఆన్ చేసి ఒక లెడ్జర్ తెరిచి చూస్తాం. దాని మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉంటుంది: ‘2031 మార్చి దాకా ముట్టుకోవద్దు.’